గాజులు తగిలించుకునే మేకు

వర్తించదు కదా?

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న ప్రశ్న ఒకటుంది. “ఇది మనకు వర్తించదు కదండీ?”

అడిగేది మా యజమాని సాంబశివరావు గారు. గుంటూరు నుంచి వచ్చి, బోయిన్‌పల్లి మార్కెట్టుకు కాస్త అవతల పచ్చళ్లూ కారప్పొడులూ తయారుచేసే కంపెనీ పెట్టారు. నాది చిలకలగూడ. టీచరమ్మ కూతుర్ని. ఆ కంపెనీలో పర్సనెల్ ఆఫీసరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. పేరు సలోమి. కంపెనీలో అందరికీ సలోమి మేడాన్ని. ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చున్నవాళ్లకు ప్రసంగం మధ్యలో ఆకలేసేదని చెప్పుకునేవారు. నా చీరల్లోంచి ఆవ వాసన ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు.

ప్రభుత్వం ఏ చట్టం మార్చినా ముందు నేను చదవాలి. అది మా కంపెనీలో ఎవరి మీద ఎలా పడుతుందో ఆయనకు చెప్పాలి. నా పని అదే. నేను నోరు తెరిచేలోపే ఆయన తన ప్రశ్న వేసేసేవారు. అందులో మోసం లేదు, భయం ఉంది. చిన్న కంపెనీ నడిపేవాడికి కొత్త చట్టమంటే ఇంటికి చెప్పకుండా వచ్చిన చుట్టంలాంటిది. మర్యాద చెయ్యాలని ఉంటుంది, ఇంట్లో పాలు ఉన్నాయో లేవో తెలియదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి ఈ మధ్య ఫోన్ చేసింది. పాత కార్మిక చట్టాలన్నీ పోయి కొత్త కోడ్‌లు వచ్చాయి కదా, వాటిని ముందేసుకుని కూర్చుందట. “మేడం, మొత్తం చదివాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు,” అంది. చదవడం సులువైన సగం తల్లీ అన్నాను. మిగతా సగం ఫోన్‌లో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను. చట్టం రాసినవాళ్లకు మీ కంపెనీ వాడుకలు తెలియవు. మీ కంపెనీ వాడుకలకు చట్టం తెలియదు. ఆ రెండింటికీ పరిచయం చెయ్యాల్సింది మీరే. అది పెళ్లిచూపులకన్నా కష్టమైన పని, రెండు వైపులవాళ్లూ ముఖం తిప్పుకునే కూర్చుంటారు.

గోడ మీద మేకులు

నా మాట అర్థం కావాలంటే ముందు మా గోడ సంగతి చెప్పాలి.

ఆహార భద్రత చట్టం గట్టిపడ్డాక, తినే సరుకు దగ్గర గాజు వస్తువు ఏదీ ఉండకూడదని మా మీద ఒత్తిడి వచ్చింది. ప్యాకింగ్ హాలులో పనిచేసేది అంతా ఆడవాళ్లే. వాళ్ల చేతులకు మట్టిగాజులుంటాయి. ఒక్క ముక్క ఆవకాయలో పడితే కంపెనీ మూతపడుతుంది, అంతకంటే ముందు ఎవరి గొంతో తెగుతుంది. నేను నోటీసు అంటించాను. మర్నాడు హాలంతా అలిగి బయట కూర్చుంది. ముత్తైదువలం, బోసి చేతులతో పనిచేయమంటావా అని నా మీద విరుచుకుపడ్డారు. నేను చట్టం చదివి వినిపించాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

అప్పుడు వచ్చారు రాజ్యలక్ష్మి గారు. సాంబశివరావు గారి భార్య. పచ్చళ్ల రుచి మొత్తం ఆవిడ నాలుక మీదే నడిచేది. పనివాళ్లందరికీ ఆవిడ అమ్మగారు. ఆవిడ నోటీసు వంక కూడా చూడలేదు. పసుపు రాసిన దారపుండ ఒకటి తెచ్చి, ఒక్కొక్కళ్ల మణికట్టుకూ తానే కట్టారు. “బోసి చెయ్యి కాదుగా ఇప్పుడు? పైన గ్లవుజు వేసుకోండి, లోపల పసుపుంటుంది,” అన్నారు. గాజులు ఎక్కడ పెట్టుకోవాలని ఎవరో అడిగితే, బట్టలు మార్చుకునే గది గోడకు వరసగా మేకులు కొట్టించారు. ఎవరి మేకు వాళ్లది.

ఆ రోజు నుంచి పొద్దున్నే ఆ గదిలో గాజులు తీసి తగిలించే గలగల వినిపించాకే మాకు పని మొదలైనట్టు. కొన్నాళ్లకు ఆ మేకే ఉద్యోగానికి గుర్తయింది. కొత్తగా చేరినవాళ్లను “మేకిచ్చిన్రా నీకు?” అని అడిగేవారు. మేకు ఇచ్చారంటే పర్మనెంటు. సీజనుకు వచ్చేవాళ్లు గాజులు టిఫిన్ డబ్బాలో పెట్టుకునేవారు.

గాజులు తియ్యని మనిషి ఒక్క రాజ్యలక్ష్మి గారే. ముంజేతి నిండా ఆకుపచ్చ గాజులతో గలగలమంటూ హాల్లోకి వచ్చి, రుచి చూసి వెళ్లేవారు. రూలుకు అందరినీ ఒప్పించిన మనిషికే రూలు లేదా అని ఎవరూ అడగలేదు. ఉప్పు ఎక్కువైందంటే ఆవిడే చెప్పాలి, ఆవిడకు ఎవరు చెబుతారు?

అమ్మగారి సీమంతం

మా కంపెనీలో ఒక వాడుక ఉండేది. ప్యాకింగ్ హాలులో ఎవరు గర్భవతి అయినా ఏడో నెలలో అమ్మగారు సీమంతం చేసేవారు. తూతూమంత్రంగా కాదు. హాలు కడిగించి, మధ్యలో కుర్చీ వేసి, జనరల్ బజార్లో కొన్న పట్టంచు చీర పెట్టి, గంధం రాసి, ఆకుపచ్చ గాజులు తొడిగి, చలిమిడి తినిపించి, అక్షింతలు వేసేవారు. కులం అడిగేది లేదు, మతం అడిగేది లేదు. ఎవరి పుట్టింటివాళ్లు రాలేకపోయినా ఆవిడే పుట్టిల్లు. ఆ పులిహోర తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ అక్షింతలు వేసిన చేతుల్లో నావీ ఉన్నాయి. ఎంత బాగుండేదో చెప్పలేను.

చివర్లో ఆవిడ దీవెన ఒకటే. “ఇంక హాయిగా ఇంటిపట్టున ఉండు తల్లీ.”

ఆ పిల్ల మర్నాటి నుంచి రాదు. ఆ మేకు ఇంకొకరిది అవుతుంది. ఎవరూ తీసేయలేదు, ఎవరూ మానేయలేదు. గాజులు తొడిగారు, అంతే. గాజులున్న చేతికి మా హాల్లో పని లేదు కదా.

ఒకసారి పద్మ అనే అమ్మాయి, బిడ్డ కాస్త పెద్దదయ్యాక మళ్లీ వచ్చింది. గదిలోకి వెళ్లి తన మేకు చూసుకుంది. దాని మీద వేరే గాజులున్నాయి. అమ్మగారు ఆమెను కూర్చోబెట్టి, బిడ్డను ఒళ్లో వేసుకుని ముద్దులాడి, చాయ్ తాగించి, పెద్ద సీసాడు గోంగూర పచ్చడి ఇచ్చి పంపారు. పద్మ పని అడగలేదు. అంత ప్రేమగా చూసినావిడను ఏమని అడుగుతుంది? సీసా పట్టుకుని బస్టాపు వైపు వెళ్లిపోయింది. ఆ వీపు నాకు చాలాకాలం గుర్తుండిపోయింది.

యాభై

తర్వాత ప్రసూతి చట్టం మారింది. పన్నెండు వారాల సెలవు ఇరవయ్యారు వారాలైంది. యాభైమంది, ఆ పైన పనిచేసే చోట పిల్లల గది ఉండాలన్నారు. అంతకుముందు ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకునేది, మా దగ్గర వాళ్లు ఆ లెక్కకు తక్కువే. కొత్త చట్టం ఆడామగా అందరినీ లెక్కపెట్టింది.

“మనకు వర్తించదు కదండీ?” అన్నారు సాంబశివరావు గారు, అలవాటుగా.

“వర్తిస్తుందండీ. మగవాళ్లతో కలిపితే యాభై దాటాం.”

ఆయన కాసేపు సీలింగ్ ఫ్యాను వైపు చూశారు. “ఓ ఐదారుగురిని మా తమ్ముడి గోడౌన్ పేరు మీద రాస్తే?”

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఈ మాట తప్పకుండా వినపడుతుంది, రాసిపెట్టుకోండి. ఏ చట్టంలో ఏ అంకె ఉంటే యజమాని బుర్ర ముందుగా ఆ అంకెకు ఒకటి తక్కువ దగ్గరికి పరిగెడుతుంది. నేను ఆయనతో పోట్లాడలేదు. “ఆ ఐదారుగురూ ఎవరో మీరే పేర్లు చెప్పండి. ఈ రోజు నుంచి మీరు మా మనుషులు కాదని వాళ్లకు చెప్పి వస్తాను,” అన్నాను. ఆయన ఒక పేరు చెప్పబోయి ఆగారు. ఇంకో పేరు చెప్పబోయి ఆగారు. “వీళ్లంతా మనవాళ్లే కదండీ,” అన్నారు చివరికి, చిరాగ్గా. ఆయనలో నాకు నచ్చేది అదే. అంకెలతో తప్పించుకోవాలనుకునేవారు, పేర్ల దగ్గర దొరికిపోయేవారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. గర్భంతో ఉన్న మనిషిని పనిలోంచి తీసేయకూడదు, సెలవయ్యాక తన పనికి తను రావాలి. ఆ నియమం అంతకుముందు కూడా ఉన్నదే, ఎవరి కంటికీ ఆనలేదు. సెలవు పెరిగిందని మళ్లీ మొదటి నుంచి చదువుతుంటే నాకు మా హాలు మధ్యలో వేసిన కుర్చీ, చీర, ఆకుపచ్చ గాజులు కనిపించాయి.

“మనం సీమంతం చేసి పంపేది, చట్టం లెక్కలో తీసేయడమేనండీ,” అన్నాను.

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. “తీసేయడం ఏంటండీ! చీర పెట్టి పంపుతుంటే!”

సెలవు రోజుల జీతం ఈఎస్ఐ ఇస్తుందని, మనమీద పడేది పిల్లల గది ఒక్కటేనని చెప్పాను. ఆయన కాసేపు నీళ్లు నమిలి, “ఇది మా ఆవిడ వ్యవహారం. మీరే చెప్పుకోండి,” అన్నారు.

వెళ్లి చెప్పాను. రాజ్యలక్ష్మి గారు మెంతులు వేయిస్తున్నారు, చెయ్యి ఆపలేదు. “మా ఇంటి పిల్లకు నేను గాజులు తొడగడానికి గవర్నమెంటు పర్మిషన్ కావాలా సలోమీ? పచ్చి బాలింతను పట్టుకొచ్చి ఈ కారంలో పడేస్తానంటే నేనొప్పుకోను. చట్టాన్ని నువ్వే ఉంచుకో,” అన్నారు. మెంతులు సరిగ్గా వేగాయి. నా మాటే పచ్చిగా మిగిలింది.

లావణ్య

ప్యాకింగ్ హాలులో సీసాలకు మూతలు బిగించి సీలు వేసే చోట లావణ్య ఉండేది. ఆటో నడిపే కుర్రాడిని పెళ్లి చేసుకుని ఆ దగ్గర్లోనే అద్దెగదిలో ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“మేడం, జెర మీతోటి మాట్లాడాలె. మీకు దండం వెడ్త, అమ్మగారికి చెప్పకుండ్రి.”

“ఏం చెప్పొద్దే?”

ఏప్రాను పక్కకు తీసింది. వదులుగా కుట్టించుకుంది కాబట్టి నేను గమనించలేదు. ఆరో నెల దాటినట్టుంది.

“పిచ్చిదానా, ఇది దాచుకునే సంగతా? సంతోషించేది కదా!”

“సంతోషమే మేడం. గని చెప్తే అమ్మ గాజులు తొడుగుతది. గాజులు తొడిగినంక నా మొల వోతది.” మేకును వాళ్లు మొల అంటారు. “పద్మక్కను జూసిన గద. చాయ్ తాగి వోయింది.”

అమ్మగారు మంచిది కదే, నోరు తెరిచి అడగొచ్చు కదా అన్నాను.

“మంచిదే మేడం. గందుకే భయం. తిట్టేటోళ్లయితే ఎదురు చెప్పొచ్చు. గాజులు వెట్టేటోళ్లకు ఏం జెప్తం?”

ఇంట్లో అత్త ఇప్పటికే మానెయ్యమని గోల చేస్తోందట. “ఇంట్ల నేను ఆటో ఆయన పెండ్లాన్ని. గల్లీల ఫలానా ఆమె కోడల్ని. ఇక్కడనే మేడం నన్ను లావణ్యా అని పిలిచేది. గీ పని నాకు కావాలె.” ఏడవలేదు. మూత బిగించినట్టు ఒక్కో మాటా గట్టిగా చెప్పింది.

నేను నా కాగితాలన్నీ పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాను. నీ పని నీకు ఉండాలని చట్టమే చెబుతోంది అన్నాను. “చట్టం నాకు దెలుసా మేడం? నాకు అమ్మ దెల్సు,” అంది. ఈ మాటను నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో. మన దగ్గర చాలామంది పనివాళ్లకు చట్టం ఎప్పుడూ ఎదురుపడదు, యజమాని ముఖమే ఎదురుపడుతుంది. ఆ ముఖం ఒప్పుకుంటేనే చట్టం వచ్చినట్టు.

పిడికిలి

అమ్మగారి దగ్గర ఎవరూ ఏమీ దాచలేరు. ఎన్ని సీమంతాలు చేసిన కళ్లో అవి. లావణ్య నడక చూసి పట్టేశారు. నాతో ఒక్క మాట అనకుండా శుక్రవారం పూట హాలు కడిగించి కుర్చీ వేయించారు.

లావణ్యను కూర్చోబెట్టారు. గంధం రాయించుకుంది, బొట్టు పెట్టించుకుంది, చీర కళ్లకద్దుకుంది. అమ్మగారు గాజుల పెట్టె తెరిచి, “చెయ్యిటివ్వు పిల్లా,” అన్నారు. లావణ్య పిడికిళ్లు బిగించి ఒళ్లో పెట్టుకుంది.

“ఏంటే? నొప్పిగా ఉందా?”

“లేదమ్మ. గాజులు నాకు ఇష్టమే. తొడుగు.” తలెత్తి ఆవిడ వంక చూసింది. “గని నా మొల నాకే ఉంటదని చెప్పి తొడుగు.”

చలిమిడి గిన్నె పట్టుకున్నావిడ అలాగే నిలబడిపోయింది. రాజ్యలక్ష్మి గారి ముఖం ఎర్రబడింది. గాజుల పెట్టె కుర్చీ పక్కన పెట్టేసి, గబగబా ఖాళీ సీసాల గదిలోకి వెళ్లిపోయారు. నేను వెనకే వెళ్లాను. గోనెసంచి మీద కూర్చుని చెంగుతో కళ్లు ఒత్తుకుంటున్నారు.

“నేనేం పాపం చేశానని అందరి ముందూ నన్ను నిలదీసింది సలోమీ? నేను దాన్ని వెళ్లగొడుతున్నానా?”

నేను పక్కనే కూర్చున్నాను. చట్టం ఊసు ఎత్తలేదు. ఆవిడే మొదలుపెట్టారు.

“మా పెద్దాడు పుట్టినప్పుడు కంపెనీ లేదు, గుడారం లేదు. అద్దింట్లో రెండు రోళ్లు. నెల తిరక్కముందే కారం దంచడానికి కూర్చున్నా. పక్కనే చీర ఉయ్యాల. పసిగుడ్డు, ఒకటే దగ్గు. ఊపిరి అందక నీలంగా అయిపోయేవాడు. ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తడం, వచ్చి మళ్లీ రోకలి పట్టుకోవడం. బతికాడు, దేవుడి దయ. ఇప్పుడు ఆరడుగులున్నాడు. అయినా ఆ దగ్గు నా చెవుల్లోంచి పోలేదే. ఆ రోజే ఒట్టేసుకున్నా, నా గుమ్మంలో ఏ తల్లీ అట్టా కూర్చోకూడదని. అందుకే ఇంటికి పంపిస్తా. తప్పా అది?”

ఆవిడ దీవెన వెనక ఇంత ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

“తప్పు కాదమ్మా. కానీ ఆ రోజు మిమ్మల్ని ఎవరైనా, ఆర్నెల్లు బిడ్డ దగ్గరుండి తర్వాత వచ్చి మీ రోలు మీరు తీసుకోండి, బిడ్డకు కారం తగలని గది ఒకటి ఉంది అని ఉంటే?”

“ఎవరంటారు? నేనే ఓనర్ని కదా,” అన్నారు, ఏడుస్తూనే నవ్వుతూ.

“ఇప్పుడు చట్టం అంటోంది. లావణ్యతో మీరు అనాలి.”

ఆవిడ ముక్కు తుడుచుకుని లేచి హాల్లోకి నడిచారు. గాజుల పెట్టె తీసుకుని లావణ్య ముందు నేల మీదే కూర్చున్నారు. “నీ మేకు నీదే. ఎవరికీ ఇవ్వను. చెయ్యివ్వు.” లావణ్య పిడికిలి విప్పింది.

అక్షింతలు వేసేటప్పుడు దీవెన దగ్గర ఆవిడ ఒక క్షణం తడబడ్డారు. నోటికొచ్చింది పాతదే. దాన్ని మింగి, “పండంటి బిడ్డను కని, క్షేమంగా పనిలోకి రా తల్లీ,” అన్నారు. ఆ తర్వాత మా కంపెనీలో దీవెన అదే అయింది.

తుమ్ము పరీక్ష

పిల్లల గది ఎక్కడ పెట్టాలో చట్టం చెప్పదు, గుంటూరు కారం ఎంత దూరం ఎగురుతుందో రాసినవాళ్లకు తెలియదు. నేను సీసాల గది చాలనుకున్నాను. గాలి వస్తుంది, వెలుతురుంది. రాజ్యలక్ష్మి గారు ఒప్పుకోలేదు. కారం దంచే యంత్రం తిరుగుతున్నప్పుడు ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తుమ్మారు. ఆ గది వద్దన్నారు. మర్నాడు సామాన్ల గది. అక్కడా తుమ్మారు. రోజుకో గదిలో ఆవిడ చేతులు కట్టుకుని, ముక్కు పైకెత్తుకుని కూర్చోవడం, పనివాళ్లు అటూ ఇటూ పోతూ “అమ్మ తుమ్మిందా?” అని ఒకరినొకరు అడగడం మాకు కొన్నాళ్లు పెద్ద కాలక్షేపమైంది.

చివరికి తుమ్ము రాని గది ఒక్కటే తేలింది. సాంబశివరావు గారి ఆఫీసు.

“ఇది మాత్రం...” అని ఆయన ఏదో అనబోయారు.

“ఏవండీ, మీరు గేటు దగ్గర షెడ్డులో కూర్చున్నా ఓనరే. పిల్లలు అక్కడ కూర్చుంటే దగ్గొస్తుంది,” అన్నారు ఆవిడ.

ఆయన తన బల్ల, క్యాలెండరు, దేవుడి పటం పట్టుకుని షెడ్డులోకి మారారు. మొదట్లో మూతి ముడుచుకున్నారు కానీ, కొన్నాళ్లకు వచ్చే పోయే ప్రతి మనిషినీ పేరు పెట్టి పలకరించడం అలవాటైంది. చట్టం పాటించినందువల్ల యజమాని సుఖపడతాడని నేనెప్పుడూ ఎవరికీ చెప్పను, అది అబద్ధం. తన కంపెనీని ఇంకొంచెం దగ్గరగా చూస్తాడని మాత్రం చెప్పగలను.

మేకు

లావణ్య సెలవులో ఉండగానే ఆవకాయ సీజను వచ్చిపడింది. ఊపిరాడని పని. సీలు వేసే చోటికి తాత్కాలికంగా వచ్చినావిడ చురుకైన మనిషి. కొన్ని రోజులకు సాంబశివరావు గారు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, “ఈవిణ్ణే ఉంచేస్తే? ఆ పిల్ల వస్తుందో రాదో,” అన్నారు. రాకపోవచ్చని నాకూ భయంగానే ఉండేది. ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది, తర్వాత సమాచారం లేదు. అత్త పంపనంటోందని ఎవరో చెప్పుకున్నారు. ఆర్నెల్లంటే కాగితం మీద చిన్నదే. అంతకాలం ఒక చోటు ఖాళీగా పెట్టి, దాని మీద ఆశపడే మనిషిని రోజూ ఎదురుగా చూడటం కష్టం. చట్టంలో అన్నిటికన్నా బరువైన మాట ఈ ఎదురుచూడటమే.

నిజానికి ఆ చోటు ఖాళీగా లేదు. రాజ్యలక్ష్మి గారు చేసిన పని నేను కొన్నాళ్లకు గాని గమనించలేదు.

బోనాల హడావుడి సద్దుమణిగాక, చినుకులు పడుతున్న ఒక పొద్దున లావణ్య వచ్చింది. ఆటో గేటు దగ్గర ఆగింది. సాంబశివరావు గారు షెడ్డులోంచి గొడుగు పట్టుకుని పరుగున వెళ్లారు. బిడ్డను పాత ఆఫీసు గదిలో పిల్లలను చూసే ఆయమ్మకు అప్పగించి, రెండుసార్లు వెనక్కి వచ్చి చూసుకుని, మూడోసారి నేను కసిరితే బట్టలు మార్చుకునే గదిలోకి నడిచింది. నేనూ వెంట వెళ్లాను.

ఒక్కో గాజూ తీస్తూ గోడ దగ్గరికి వెళ్లి ఆగిపోయింది. తన మేకు మీద ఆకుపచ్చ గాజులు వేలాడుతున్నాయి.

గాజులు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. మెడ మాత్రం కొంచెం వంగింది. పద్మ వీపు మళ్లీ నా కళ్ల ముందుకొచ్చింది. నేను నోరు విప్పేలోపే హాలు తలుపు తెరుచుకుంది.

“వచ్చావా! పిల్ల దగ్గడం లేదు కదా?” అంటూ వచ్చారు రాజ్యలక్ష్మి గారు. ఆవిడ నడిచి వస్తుంటే ఇదివరకు వినిపించే గలగల లేదు. రెండు చేతులూ బోసిగా ఉన్నాయి. మణికట్టుకు పసుపు దారం మాత్రం ఉంది.

లావణ్య ఆ చేతుల వంక చూసింది, మేకు వంక చూసింది.

“అవి నావేలే,” అన్నారు ఆవిడ. “ఖాళీగా కనపడితే ఎవరో ఒకరు తగిలించేసుకుంటారు. అందుకని రోజూ పొద్దున్నే నావి తీసి పెడుతున్నా. నా గాజుల మీద ఎవరు తగిలిస్తారు?” గాజులు తీసుకుని పక్కకు జరిగారు. “ఇదుగో, నీ మేకు.”

లావణ్య తన గాజులు తగిలించింది. తగిలించి, ఆవిడ భుజం మీద తల పెట్టేసింది. నేను కిటికీలోంచి వాన చూస్తున్నట్టు నటించాను.

కాసేపటికి రాజ్యలక్ష్మి గారు తన గాజులు మళ్లీ చేతికి వేసుకోబోయి ఆగారు. హాలు తలుపు వైపు చూశారు. గోడంతా ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా చూశారు. ఒక్క మేకూ ఖాళీ లేదు.

“సలోమీ, ఈ రూలు నాకూ వర్తిస్తుంది కదా?”

“వర్తిస్తుందమ్మా.”

“మరి నా మేకేదే?”

సుత్తి తెప్పించాను.